వాయిదా వెయ్యలేని సమావేశాలు

2020 మార్చి చివరి ఆదివారం మా పఠన బృందంలో సావిత్రీబాయి ఫూలే గురించి నేను మాట్లాడాల్సి ఉంది. బృందం అంటే పెద్దదేమీ కాదు. ఒక బడివాళ్ళు సెలవురోజుల్లో ఇచ్చే గది, పాతిక కుర్చీలు, ఎవరో ఒకరు ఇంటినుంచి తెచ్చే ఫ్లాస్కు టీ, ఒక హాజరు పుస్తకం. మాలో కాలేజీ లెక్చరర్లున్నారు, కథలు రాసేవాళ్ళున్నారు, హాస్టల్లో వంటచేసే ఆవిడ ఉంది, డిగ్రీ మధ్యలో మానేసి పెళ్ళయిపోయిన అమ్మాయిలున్నారు. లాక్‌డౌన్ ప్రకటించిన రాత్రి "కార్యక్రమం వాయిదా. అందరూ జాగ్రత్తగా ఉండండి" అని మెసేజి పెట్టింది నేనే. అప్పటికి అది సరైన నిర్ణయమే. ఇప్పటికీ తప్పనను.

ఏప్రిల్ నుంచి సమావేశాలు ఫోనులోకి మారాయి. ఎవరి వంటింట్లో వాళ్ళం కూచుని కవిత్వం చదువుకున్నాం. దూరం ఊళ్ళ రచయిత్రులు కూడా వచ్చి చేరుతుంటే, ఇదేదో మంచికే జరిగిందని సంబరపడ్డాం కూడా. హాజరు పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. మే నెలలో ఒకరోజు ఊరికే తిరగేస్తుంటే అప్పుడు తట్టింది, ఎవరు రావడం లేదో. వంటచేసే ఆవిడ రావడం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పిల్లాడి ఆన్‌లైన్ క్లాసుకి పోయింది. ఇంకొకామె వస్తోంది గానీ ఎప్పుడూ మ్యూట్‌లోనే ఉంటోంది. రెండు గదుల ఇంట్లో భర్త, అత్తమామల మధ్య కూచుని ఆమె ఏం మాట్లాడగలదు? ఫోను చేస్తే ఇలా అంది: "అక్కా, నాకు కావాల్సింది అక్కడికొచ్చి కూచోవడం. వినడానికేం, ఇంట్లో రోజంతా వింటూనే ఉన్నాగా."

ఆ మాట విన్నాక మార్చిలో రాసిపెట్టుకున్న నా ప్రసంగం కాగితాలు తీసి మళ్ళీ చదివాను. సావిత్రీబాయి చివరి రోజుల గురించి నేను రాసుకున్నది ఒక్క వాక్యం: 'ప్లేగు రోగులకు సేవ చేస్తూ ప్రాణత్యాగం చేసింది.' అంతకు కొన్నేళ్ళ ముందు పరిశోధన కోసం రాసుకున్న నోట్సులో బండారు అచ్చమాంబ గురించి కూడా అదే వాక్యం ఉంది. పేరూ సంవత్సరమూ మారాయంతే. ఇద్దరూ సంస్థలు కట్టినవాళ్ళు, సభలు నడిపినవాళ్ళు, రాసినవాళ్ళు. మహమ్మారి వచ్చేసరికి ఇద్దరి చరిత్రా ఒకే వాక్యంలో ఎలా ముగిసిపోయింది? ఆ వాక్యం ఎవరిదో కాదు, నేను రాసుకున్నదే. అందుకే దాన్ని విప్పి చూడాలనిపించింది.

*

1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. కొద్ది నెలల్లో పుణె చేరింది. 1897 ఫిబ్రవరి 4న వలస ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. 2020లో మన రాష్ట్రాలు దుమ్ము దులిపి బయటికి తీసింది ఆ చట్టాన్నే. పుణెలో ప్లేగు కమిటీ బాధ్యత ర్యాండ్ అనే అధికారికి అప్పగించారు. సైనికులు ఇళ్ళలో జొరబడి సోదాలు చేశారు. జబ్బుందని అనుమానం వచ్చినవాళ్ళని ఆసుపత్రికీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళని విడిగా పెట్టే శిబిరాలకీ పంపారు. సామాన్లు తగలబెట్టారు, గోడలకి సున్నం కొట్టారు, నేలలు తవ్వారు. చంకల్లో, గజ్జల్లో గడ్డలున్నాయేమోనని మనుషుల ఒళ్ళు పరీక్షించారు. ఆడవాళ్ళకి ఆ పరీక్ష ఎలాంటిదో విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్లేగు క్రిమిని యెర్సిన్ 1894లోనే హాంకాంగ్‌లో కనిపెట్టాడు. కానీ ఎలుకల మీద బతికే చిన్న పురుగులు దాన్ని మోస్తాయని సైమండ్ చెప్పింది 1898లో. అందరూ ఒప్పుకోవడానికి మరికొన్నేళ్ళు పట్టింది. అంటే 1897లో ఇల్లు తవ్వుతున్న సైనికుడికి గానీ, తవ్వించుకుంటున్న ఇల్లాలికి గానీ జబ్బు ఎలా వస్తోందో తెలియదు. ఆ తెలియనితనంలోనే ప్రతి సంస్థా ఏం ఆపాలి, ఏం కొనసాగించాలి అని తేల్చుకోవాల్సి వచ్చింది.

ఆ నగర చరిత్రలో మనకి బాగా తెలిసిన ఘట్టాలు మగవాళ్ళవి. 1897 జూన్ 12న జరిగిన శివాజీ ఉత్సవం, దాని మీద కేసరి పత్రిక రాతలు, జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ర్యాండ్ మీద జరిపిన కాల్పులు, తిలక్‌కి పడిన పద్దెనిమిది నెలల శిక్ష. అది రాజకీయ చరిత్ర. అదే నగరంలో, అదే నెలల్లో ఇద్దరు స్త్రీలు తమ సంస్థలతో ఏం చేశారన్నది మాత్రం సేవ అనే పద్దు కింద పడిపోయింది.

*

1897 నాటికి సావిత్రీబాయికి 66 ఏళ్ళు. ఆమెను మనం జోతీబా భార్యగా, మొదటి టీచరుగా గుర్తుపెట్టుకుంటాం. 1890లో జోతీబా పోయాక సత్యశోధక్ సమాజ్ పనిని ముందుండి నడిపిన మనిషిగా అంతగా గుర్తుపెట్టుకోం. 1893లో సాస్వడ్‌లో జరిగిన సమాజ్ సభకి అధ్యక్షత వహించింది ఆవిడే. సభలు, బళ్ళు, పురోహితుడు లేని పెళ్ళిళ్ళు సమాజ్ మామూలు రోజుల కార్యక్రమాలు.

మామూలు కాని రోజులు వాళ్ళకి కొత్త కాదు. 1876-77 కరువులో సమాజ్ పిల్లలకి అన్నం పెట్టే కేంద్రాలు తెరిచింది. అవి 52 అని జీవిత చరిత్రకారులు రాశారు. ఆ రోజుల్లో, 1877 ఏప్రిల్‌లో, ఓతూరు నుంచి సావిత్రీబాయి జోతీబాకి రాసిన ఉత్తరం ఒకటుంది. అది విరహపు ఉత్తరం కాదు, ఒక కార్యకర్త రాసిన నివేదిక. ఊళ్ళు ఖాళీ అవుతున్న సంగతి, సహాయానికి కమిటీలు ఎలా ఏర్పడ్డాయన్న సంగతి, అరెస్టయిన సత్యశోధకుల కోసం తానే కలెక్టరుతో మాట్లాడిన సంగతి అందులో ఉన్నాయి. ఆ ఉత్తరం చదివినవాళ్ళెవరికైనా ఇరవై ఏళ్ళ తర్వాతి ప్లేగు రోజుల సావిత్రీబాయి హఠాత్తుగా కరుణ పుట్టుకొచ్చిన ముసలమ్మగా కనపడదు. విపత్తు వస్తే సంస్థ పనిని ఎటు తిప్పాలో తెలిసిన నాయకురాలిగా కనపడుతుంది.

1897లో ఆవిడ చేసిన పనులు చూడండి. డాక్టరైన పెంపుడు కొడుకు యశ్వంత్‌ని పిలిపించింది. ఈ యశ్వంత్ ఒక బ్రాహ్మణ వితంతువుకి పుట్టిన బిడ్డ. దిక్కులేని గర్భిణులకోసం ఫూలే దంపతులు తమ ఇంట్లోనే నడిపిన ఆశ్రయం వల్ల బతికిన పిల్లాడు. అంటే ఆ సంస్థ ఒకప్పుడు కాపాడుకున్న బిడ్డే ఇప్పుడు దాని వైద్యుడు. ఊరి ఇరుకు సందుల్లో కాకుండా హడప్సర్ దగ్గర ససాణె మళాలో, తోటల మధ్య ఆరుబయట వైద్యశాల పెట్టించింది. ఊరి బయటి వాడలవాళ్ళు భయం లేకుండా రాగలిగేది అలాంటి చోటికేనని నాకనిపిస్తుంది. ముంఢ్వా దగ్గరి మహర్ వాడలో పాండురంగ్ గైక్వాడ్ అనే పిల్లాడికి జబ్బు చేసిందని తెలిసి వీపున మోసుకొచ్చింది. పిల్లాడు బతికాడు. 1897 మార్చి 10న ఆవిడ పోయింది.

మన బొమ్మల్లో, నాటకాల్లో మిగిలింది ఆ ఆఖరి దృశ్యమే. అంటరాని పిల్లాడిని వీపున వేసుకున్న ముసలితల్లి. గొప్ప దృశ్యమే, కాదనను. కానీ ఆ దృశ్యం వెనక స్థలం వెతకడం ఉంది, డాక్టరుని రప్పించడం ఉంది, కట్లకీ పాలకీ డబ్బు చూసుకోవడం ఉంది. ఎవరిని ముందు తీసుకురావాలన్న ఎంపిక కూడా ఉంది. వీటిని నిర్ణయాలంటారు. మగవాడు చేస్తే వ్యూహం అని కూడా అంటారు.

*

అదే పుణెలో పండిత రమాబాయి శారదా సదనం ఉంది. 1889 మార్చిలో బొంబాయిలో మొదలై మరుసటి ఏడు పుణెకి మారింది. ఉన్నత కులాల బాల వితంతువులకి చదువు చెప్పే ఇల్లది. సమావేశం అంటే మనకి వారానికో నెలకో ఒకసారి జరిగేది. సదనంలో ఉన్నవాళ్ళకి ఆ సమావేశమే నివాసం, అదే బడి, అదే పుట్టిల్లు. వాయిదా వేస్తే వాళ్ళు వెళ్ళేది ఎక్కడికి? ఎవరి దగ్గరనుంచి తప్పించుకొచ్చారో వాళ్ళ దగ్గరికే.

పైగా ఆ ఏడు ప్లేగు ఒక్కటే కాదు, కరువు కూడా ఉంది. 1896-97లో సెంట్రల్ ప్రావిన్సులు ఆకలితో అల్లాడుతుంటే రమాబాయి అక్కడికి వెళ్ళింది. తల్లిదండ్రుల్నీ అక్కనీ 1870ల కరువు రోజుల్లోనే పోగొట్టుకున్న మనిషి. ఆకలితో రోడ్డున పడ్డ ఆడపిల్లకి ఏ చేతులు ఎదురవుతాయో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడినుంచి పిల్లల్నీ, వితంతువుల్నీ వందల సంఖ్యలో వెంటబెట్టుకొచ్చింది. పుణెలో మేజిస్ట్రేటు అడ్డం పడ్డాడు. ప్లేగు కాబట్టి సదనంలో మనుషుల సంఖ్య పెంచడానికి వీల్లేదన్నాడు.

ఆరోగ్య సూత్రం ప్రకారం అతను చెప్పింది తప్పేమీ కాదు. ఒక ఇంట్లో అంతమందిని కుక్కకూడదు. కానీ ఆ సూత్రానికి, వీళ్ళు లోపలికి రాకపోతే ఎక్కడుంటారు అన్న ప్రశ్న లేదు. ఆ ప్రశ్న వేసుకున్నది రమాబాయి. పుణెకి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో కేడ్‌గావ్ దగ్గర, ఎప్పటికైనా సంస్థకి ఆదాయం వస్తుందని కొనిపెట్టిన పొలం ఉంది. పిల్లల్ని అక్కడికి తరలించింది. పక్కా కట్టడాలు లేవు, డేరాలూ పాకలే గతి. తాత్కాలికంగా వెళ్ళిన ఆ చోటే 1898లో ముక్తి సదనం అయింది. 1900 నాటి గుజరాత్ కరువు తర్వాత అక్కడ సుమారు 2000 మంది స్త్రీలూ పిల్లలూ ఉన్నారు. శారదా సదనం కూడా అక్కడికే చేరింది. ప్లేగు నిబంధన ఒక సంస్థని మూయించాల్సింది పోయి, దాని రూపాన్నే మార్చేసింది. ఉన్నత కుల వితంతువుల బడి కాస్తా కరువునుంచి వచ్చిన ఎన్నో కులాల ఆడపిల్లల ఊరైంది. అక్కడ ఆశ్రయంతోపాటు క్రైస్తవం కూడా వచ్చిందన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తలదాచుకోవడానికి కట్టాల్సిన ధర మతమా అన్నది పక్కకి నెట్టెయ్యగల ప్రశ్న కాదు. ఆవిడని దేవతను చేస్తే ఆ ప్రశ్న అడగలేం.

రమాబాయి చేసిన ఇంకో పని నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. 1897 మేలో ఆవిడ బాంబే గార్డియన్ పత్రికకి ఉత్తరం రాసింది. ప్లేగు ఆసుపత్రిలో, శిబిరంలో స్త్రీలకి రక్షణ లేదని, తమ దగ్గరనుంచి అక్కడికి వెళ్ళిన ఒక అమ్మాయి కాపలావాడి చేతిలో పడిందని బయటపెట్టింది. ఆ సంగతి బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్ళింది. గవర్నరు శాండ్‌హర్స్ట్ ఆ ఆరోపణల్ని కొట్టిపారేశాడు. అదే వేసవిలో ఇంగ్లండులో ఉన్న గోఖలే, పుణె స్త్రీల మీద సైనికుల అత్యాచారాల గురించి అక్కడి పత్రికతో మాట్లాడాడు. తిరిగొచ్చాక సాక్ష్యం చూపడానికి ఎవరూ ముందుకు రాక బేషరతుగా క్షమాపణ చెప్పాడు. గోఖలే క్షమాపణ గురించి పుస్తకాల్లో పేజీలకి పేజీలున్నాయి. అది ఆయన పరువు సమస్యగా, తిలక్‌తో ఆయన విభేదాల్లో ఒక ఘట్టంగా చర్చకొస్తుంది. ఎవరి గురించి ఆ మాట అన్నాడో ఆ స్త్రీలు ఎందుకు నోరు విప్పలేదన్నది అంతగా చర్చకి రాదు. విప్పితే ఏ ఇంటికి తిరిగి వెళ్ళగలరు? రమాబాయి ఆ ఒక్క అమ్మాయి గురించి రాయగలగడానికి కారణం ఆ అమ్మాయికి ఒక సంస్థ ఉండటమే. ఎంతమంది వచ్చారు, ఎవరు తిరిగి రాలేదు అని లెక్క చూసుకునే చోటు ఉండటమే. హాజరు పుస్తకం అంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైంది.

*

రమాబాయి కరువు పిల్లల్ని తెచ్చిన ఆ సెంట్రల్ ప్రావిన్సుల్లోనే అప్పటికి ఒక తెలుగమ్మాయి కాపురం చేస్తోంది. బండారు అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా నందిగామలో పుట్టింది. పదేళ్ళకే పెళ్ళయి భర్త ఉద్యోగం వెంట అక్కడికి వెళ్ళింది. చదువుకోవడానికి తన దగ్గరికి వచ్చిన తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూచుని తానూ చదువు నేర్చుకుంది. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల అచ్చయింది. 1902లో హిందూసుందరిలో ధనత్రయోదశి కథ వచ్చింది. తెలుగులో తొలికథ 1910 నాటి దిద్దుబాటా, అంతకు ముందటి అచ్చమాంబ కథలా అన్న చర్చ ఈ పాఠకులకి కొత్త కాదు కాబట్టి మళ్ళీ ఎత్తుకోను.

ఇక్కడ నాకు కావాల్సింది సంస్థలు కట్టిన అచ్చమాంబ. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. 1903లో ఆంధ్ర దేశంలో ఊరూరూ తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. ఆడవాళ్ళు గుడికో పెళ్ళికో తప్ప బయటికి వచ్చి కూడటమే వింతగా ఉన్న కాలం. వాళ్ళని ఒకచోట కూచోబెట్టి మాట్లాడించడమే ఆ సమాజాల మొదటి కార్యక్రమం, బహుశా అసలు కార్యక్రమం కూడా. మ్యూట్‌లో ఉండిపోయిన మా మిత్రురాలు అడిగింది అదే కదా, వచ్చి కూచోవడం.

1905 జనవరి 18న అచ్చమాంబ పోయింది. ప్లేగు రోగులకి సేవ చేస్తూ ఆ జబ్బు సోకి పోయిందని చరిత్రకారులు రాశారు. అప్పటికి ముప్ఫయి ఏళ్ళు. స్త్రీల చరిత్రని ఒక మహా గ్రంథంగా రాయాలన్న ఆమె ప్రణాళికలో ప్రాచీన స్త్రీలు, విదేశీ స్త్రీల భాగాలు పూర్తికాకుండా ఉండిపోయాయి.

త్యాగం అనే మాట ఆ అసంపూర్ణతని కప్పేస్తుంది. త్యాగం చేసిన మనిషి జీవితం ఎప్పుడూ నిండుగానే కనపడుతుంది, అంతకంటే గొప్ప ముగింపు ఏముంటుందన్నట్టు. ముప్ఫయి ఏళ్ళ రచయిత్రి పోతే తెలుగు స్త్రీల చరిత్ర రచన, సంఘ నిర్మాణం ఎంత పోగొట్టుకున్నాయో లెక్కకి రాదు. త్యాగంలో నిర్ణయం కనపడదు, డబ్బు ఇబ్బంది కనపడదు, పొరపాటు కనపడదు, కోపం కనపడదు. అన్నింటినీ మించి, ఆ పని ఇంకెవరు చెయ్యాల్సింది అన్న ప్రశ్న కనపడదు. 1897లోనైనా 1905లోనైనా రోగిని మొయ్యడం ఒక వృద్ధురాలి వీపు మీద, ఒక రచయిత్రి చేతుల మీద ఎందుకు పడింది? ఆడవాళ్ళకి అది సహజం అనుకున్నాం కాబట్టి ఆ ప్రశ్న రాలేదు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడేసి మాస్కులు పంచాలనుకున్నప్పుడు వాటిని కుట్టే పని పొదుపు సంఘాల స్త్రీలకి వచ్చింది. అది కూలి లెక్క కట్టాల్సిన పని. దాన్ని కూడా మనం చాలాచోట్ల సేవ అనే మెచ్చుకున్నాం.

*

నేను వెతికింది మహమ్మారిలో ఆడవాళ్ళు ఎంత గొప్పగా సేవ చేశారని నిరూపించడానికి కాదు. ఆ పాఠం మనకి ఎక్కువే చెప్పారు. ఈ ముగ్గురి దగ్గరా నాకు దొరికింది, స్త్రీల సంస్థ తన కార్యక్రమాన్ని మార్చుకోవాల్సి వచ్చినప్పుడు వేసుకోవాల్సిన ఒక మామూలు ప్రశ్న. నడపాలా మానాలా అన్నది దాని తర్వాతే. ఇలా మారిస్తే ఎవరు బయట మిగిలిపోతారు అన్నది ముందు. సావిత్రీబాయి వైద్యశాలని తోటలోకి తీసుకెళ్ళినా, రమాబాయి సదనాన్ని పొలంలోకి తీసుకెళ్ళినా ఆ ప్రశ్నకి జవాబుగానే.

మేం ఆ ప్రశ్న రెండు నెలలు ఆలస్యంగా వేసుకున్నాం. జూన్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. తెరమీదికి రాలేనివాళ్ళ పేర్లు పంచుకుని ఒక్కొక్కరికి ఒక్కొక్కరం ఫోను చేసి, ఆ వారం చదివిన కథ చదివి వినిపించాలని. హాస్టలు వంటావిడ నా వంతుకి వచ్చింది. హాస్టలు మూతపడి జీతం ఆగిపోయిందని మొదటి ఫోనులోనే తెలిసింది. మార్చినుంచీ అదే పరిస్థితి. ఆ రోజు కథ చదవలేదు. బియ్యం, నూనె ఎలా పంపించాలో మాట్లాడుకున్నాం. డిసెంబరులో ఒకరి డాబా మీద, దూరందూరంగా చాపలు పరుచుకుని మళ్ళీ కలిశాం. మ్యూట్‌లో ఉన్న అమ్మాయి అందరికంటే ముందొచ్చి చాపలు పరిచింది. వంటావిడ రాలేదు, అప్పటికే సొంతూరు వెళ్ళిపోయింది.

సావిత్రీబాయి మీద నా ప్రసంగం ఆ రోజు చేశాను. పాత కాగితంలోని ఆ ఒక్క వాక్యం కొట్టేసి, ఆ స్థానంలో తోట, డాక్టరు, ఊరి బయటి వాడ గురించి మాట్లాడాను. తర్వాత హాజరు పుస్తకంలో 2020 మార్చి 29 తేదీ కింద 'వాయిదా' అని నేను రాసిన మాట పక్కన, ఆ తర్వాత రాలేకపోయిన వాళ్ళ పేర్లు వరసగా రాసిపెట్టాను. ఏడు పేర్లయ్యాయి.